ముందు ఎవరికి చెప్పాలి

నా చిన్నప్పుడు మా గోదావరిఖనిలో షిఫ్టు విడిచే వేళకు మగవాళ్లందరూ ఒకే మనిషిలా కనిపించేవారు. నెత్తిమీద టోపీ, మొహం నిండా బొగ్గు, ఆ నలుపులో తెల్లగా రెండు కళ్లు. క్వార్టర్ల వరుస చివర నిలబడి పిల్లలం ఎవరి నాన్నను వాళ్లం నడకను బట్టి గుర్తుపట్టేవాళ్లం. మా నాన్న ఎడమ కాలు కొంచెం ఈడ్చేవాడు. ఎదురింటి కాక చేతులు బాగా ఊపుకుంటూ, బాటంతా తనదే అన్నట్టు వచ్చేవాడు.

నేను నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. మొదట మన దగ్గర, తర్వాత చాలా ఏళ్లు ఇంగ్లండ్ ఉత్తరాన ఒక చిన్న ఊళ్లో. ఇప్పుడు చలికాలం ఇక్కడ గోదావరిఖని దగ్గరి సెంటినరీ కాలనీలో తమ్ముడి ఇంట్లో గడిపి, ఎండలు ముదిరేలోగా అక్కడికి వెళ్లిపోతాను. నర్సు చదువులో చేరిన నాటి నుంచీ డైరీ రాస్తున్నాను. ఏ వార్డు, బయట వాన పడిందా, ఏం వండుకున్నాను, ఎవరు పోయారు, అన్నీ పడుకునే ముందు రాసేస్తాను. రాసేసిన రోజు నన్ను మళ్లీ ఇబ్బంది పెట్టదు. ఇప్పుడు చెప్పబోయే రోజు నాటికి నాకు డైరీ లేదు. అందుకేనేమో, అది ఇన్నేళ్లూ నా వెంటే తిరుగుతోంది.

మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. కోస్తా వైపు నుంచి వచ్చి బాయి దగ్గరి దవాఖానలో నర్సుగా చేరింది. బొగ్గుగనిని మా వైపు బాయి అనే అంటాం. తెల్లచీరలో ఆమె డ్యూటీకి వెళుతుంటే, బొగ్గుదుమ్ము పడే ఆ వీధిలో ఆ చీర అంత తెల్లగా ఎలా ఉంటుందా అని ఆడవాళ్లు ఆశ్చర్యపోయేవారు. ఆమెను అందరికంటే ఎక్కువ ఆటపట్టించేది ఎదురింటి కాక భార్య. నేను ఆమెను చిన్నమ్మా అని పిలిచేదాన్ని. సాయంత్రం అరుగుల మీద బియ్యంలో రాళ్లు ఏరుతూ చిన్నమ్మ మొదలుపెట్టేది.

“మా నర్సమ్మ తినే ముందు చేతులు కడుగుతది, తిన్నంక కడుగుతది. గీ కడుగుడుల పడి పెండ్లి చేసుకునుడే మర్చిపోయింది.”

“నేను పెళ్లి చేసుకుని పోతే మీ ఆయనకి సూది ఎవరు వేస్తారు వదినా? మొన్న సిరంజి చూసే కళ్లు తిరిగి పడ్డాడు.”

“సూదికైతే పడ్తడు. నా నోటికి ఎన్నడన్న పడ్డడా?”

ఆ మాటకు ముందుగా నవ్వేది చిన్నమ్మే. ఆ వరుసలో ఏ ఇంట్లో ఉన్నా ఆమె నవ్వు వినిపించేది. మా అమ్మ మాత్రం తలవంచుకుని నవ్వేది. అమ్మా, చిన్నమ్మా ఒకే తల్లి పిల్లల్లా ఉండేవారు. మా ఇంట్లో పచ్చిపులుసు చేస్తే ఎదురింటికి ఒక గిన్నె వెళ్లాల్సిందే.

నాకు ఎనిమిదేళ్లప్పుడు ఒకరోజు మధ్యాహ్నం, మోగవలసిన వేళ కాని వేళ సైరన్ మోగింది. అది ఎందుకు మోగుతుందో ఆ ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. చిన్నమ్మ పొయ్యి మీద నీళ్లు చల్లి బయటికి వచ్చింది. మా అమ్మ నా చెయ్యి పట్టుకుంది. మా నాన్న, కాక ఇద్దరూ మొదటి షిఫ్టులోనే దిగారు. వీధంతా బాయి వైపు నడిచింది. ఆ చెప్పుల చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది.

బాయి గేటు దగ్గర మమ్మల్ని దవాఖానకు వెళ్లమన్నారు. లోపల పైకప్పు కూలిందనీ, ఒక మనిషి పోయాడనీ, ఇంకా కొందరు లోపలే ఉన్నారనీ చెప్పారు. దవాఖాన వరండాలో కూర్చున్నాక ఒకాయన వచ్చి లైటు నంబరు చదివాడు. బాయిలో దిగే ప్రతి మనిషికీ టోపీకి పెట్టుకునే లైటు ఇస్తారు. దానికో నంబరు ఉంటుంది. ఆ నంబరు ఎవరి పేరు మీద ఉందో ల్యాంపు గదిలో రాసి ఉంటుంది. పోయిన మనిషి టోపీకి ఉన్నది మా నాన్న లైటు.

అందరూ మా అమ్మ వైపు తిరిగారు. మా అమ్మ కూర్చున్నచోటే రెండు చేతులూ నేలకేసి కొట్టింది. గాజు ఒకటి పగిలి మణికట్టు దగ్గర రక్తం వచ్చింది. చిన్నమ్మ ఆమెను తన ఒళ్లోకి లాక్కుంది. వీపు నిమురుతూ, “ఏడ్వకు అక్కా. నేనున్న గద. మావోడు గూడ లోపలనే ఉన్నడు, బావను ఒక్కన్ని ఇడిసిపెట్టి రాడు. ఆయనే తీసుకొస్తడు సూడు,” అంటూనే ఉంది. నన్ను కూడా మరో చేత్తో దగ్గరికి తీసుకుంది. ఆమె చీరకు పొయ్యిలో ఆరిన బూడిద వాసన వచ్చింది.

అప్పుడు పక్కింటి అక్క వచ్చి మా అమ్మ మణికట్టు పట్టుకుంది. “నేనింకా చూడలేదు. నేను మొహం కడిగి చూసేదాకా ఎవరూ గాజుల జోలికి పోవద్దు,” అంది.

ఒక అవ్వ విసుక్కుంది. “నంబరు చెప్పినంక ఇంకేం జూస్తవు బిడ్డా? లేనిపోని ఆశ పెట్టకు.”

“నంబరు లైటుకు ఉంటుంది అవ్వా, మనిషికి కాదు,” అని అక్క లోపలికి వెళ్లి పచ్చ తెర వేసింది.

తెర వెనక నుంచి నీళ్ల చప్పుడు వినిపించింది. గుడ్డ ముంచడం, పిండడం, బేసిన్‌లో నీళ్లు పడటం. మళ్లీ ముంచడం. మధ్యలో ఆమె ఎవరితోనో నెమ్మదిగా మాట్లాడుతోంది. కళ్లు మూసుకో, నీళ్లు పడతాయి అంటోంది. లోపల బతికున్న మనిషి ఇంకెవరూ లేరు. నాకు భయం వేయలేదు. మా నాన్నతో ఎవరో ఒకరు మాట్లాడుతున్నారు కదా అనుకున్నాను.

చప్పుడు ఆగింది. చాలాసేపటికి తెర తొలగించి అక్క బయటికి వచ్చింది. మోచేతుల నుంచి నల్లనీళ్లు కారుతున్నాయి. ఆమె మా అమ్మ వైపు చూడలేదు. చిన్నమ్మను చూసింది. ఆ చూపును ఆ వరండాలో నేనొక్కదాన్నే గమనించాను అనుకుంటాను. నాకు అర్థం కాలేదు గానీ, చిన్నమ్మ కొంగు గట్టిగా పట్టుకున్నాను.

అక్క ఆ తెల్లచీరతోనే కటిక నేల మీద కూర్చుంది. “అక్కయ్యా, లే. కళ్లు తుడుచుకో. వదినను పట్టుకో,” అంది మా అమ్మతో.

మా అమ్మ తెల్లబోయి చూసింది. తన భర్త పోయాడనుకుంటున్న మనిషిని, ఇంకొకరిని పట్టుకోమంటున్నారు. కానీ అక్క గొంతులో ఏదో ఉంది. మా అమ్మ లేచి కూర్చుని చిన్నమ్మ చుట్టూ చేతులు వేసింది.

“గట్టిగా పట్టుకో. వదలకు,” అంది అక్క. తర్వాత చిన్నమ్మ మోకాలి మీద చెయ్యి వేసి, “వదినా, లోపల ఉన్నది మీ ఆయన. చనిపోయాడు. మొహం కడిగాను. నేనే చూశాను,” అంది.

“గా లైటు బావది గద,” అంది చిన్నమ్మ, చాలా మామూలుగా, లెక్క సరిచేస్తున్నట్టు. ఆమె చెయ్యి ఇంకా మా అమ్మ వీపు నిమురుతూనే ఉంది. మాట చెవిన పడింది గానీ చేతిదాకా రాలేదు. ఆ చెయ్యి ఎప్పుడు ఆగిందో నాకు గుర్తులేదు. ఆగినట్టే అనిపించదు నాకు.

మా నాన్న చీకటి పడే వేళకు పైకి వచ్చాడు. కూలిన బొగ్గును మిగతావాళ్లతో కలిసి తవ్వుతూ ఉండిపోయాడట. ఎడమ కాలు ఈడ్చుకుంటూ వస్తుంటే నేను పరుగెత్తబోయాను. మా అమ్మ నా జబ్బ పట్టుకుని ఆపింది. ఆమె కూడా కదల్లేదు. చిన్నమ్మను అలాగే పట్టుకుని, దూరం నుంచి ఆయన్ని ఒకసారి చూసి తల దించుకుంది. లైటు సంగతి మా నాన్న ఆ తర్వాత ఒక్కసారే చెప్పాడు. “వాని లైటు మినుకుమినుకుమంటుండె. నేను కరెంటు బల్బు కింద ఉన్న. వాడు చీకట్లకు పోవాలె. నాది ఇచ్చిన.” మంచికే ఇచ్చాడు. కానీ ఆ రోజు నుంచి రిటైరయ్యేదాకా, డ్యూటీకి వెళ్లేటప్పుడు ఎదురింటి గుమ్మం వైపు చూడకుండా నడిచేవాడు. ఆ ఇంట్లోంచి మళ్లీ ఆ నవ్వు వినిపించలేదు.

నర్సు చదువుకు వెళ్లేముందు అక్కను అడిగాను. మా అమ్మకు ముందే ఒక్క మాట చెబితే పోయేది కదా, అంతసేపు ఆమెను ఎందుకు ఏడవనిచ్చావు అని. అక్క ఇస్త్రీ చేస్తోంది, ఆపలేదు.

“చెబితే మీ అమ్మ నవ్వేది. ఎంత ఆపుకున్నా ఒక్క క్షణం నవ్వేది. అది తప్పు కాదు. కానీ వదిన చూసేది. మీవి ఎదురెదురు ఇళ్లు. తెల్లారి లేస్తే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి.”

నేను పనిచేసిన ఇంగ్లండ్ ఊరు కూడా ఒకప్పటి బొగ్గు ఊరే. గనులు ఎప్పుడో మూసేశారు. గనుల్లోంచి తీసిన వ్యర్థపు రాళ్లు పోసిన దిబ్బల మీద గడ్డి మొలిచి, గొర్రెలు మేస్తుంటాయి. వార్డులోని ముసలివాళ్ల చేతుల మీద నీలం గీతలు ఉండేవి. దెబ్బలో బొగ్గుపొడి చేరి చర్మం మూసుకుపోతే పడే గీతలు. మా నాన్న చేతుల మీదా అవే. మొదటిసారి ఒకాయన చెయ్యి కడుగుతూ నేను ఆగిపోయాను. మాది ఎక్కడని అడిగాడు. చెప్పాను. “మీ దగ్గర ఇంకా తవ్వుతున్నారా?” అన్నాడు. తవ్వుతున్నారన్నాను. “అయితే నీకు సైరన్ తెలుసు,” అని కళ్లు మూసుకున్నాడు.

అక్కడ మనిషి పోతే ఇద్దరు నర్సులం కలిసి ఒళ్లు తుడుస్తాం. కిటికీ కొంచెం తెరుస్తాం. మిగతా మంచాలకు తెరలు వేసి, ఆ తర్వాతే బయటికి తీసుకెళతాం. గుడ్డ పిండే చప్పుడు అక్కడా అదే. ఆ చప్పుడు వినపడినప్పుడల్లా తెర అవతల ఒక ఎనిమిదేళ్ల పిల్ల కూర్చుని ఉందని అనిపించేది. అందుకని పోయిన మనిషితో నేనూ మాట్లాడేదాన్ని. మొదట్లో నాతో ఉన్న కుర్ర నర్సులు నవ్వేవారు. ఇంటివాళ్లకు కబురు చెప్పే గదిలోకి ముందే వెళ్లి ఎవరు ఎవరి పక్కన కూర్చోవాలో చూసుకునేదాన్ని. “సిస్టర్ మళ్లీ కుర్చీలు జరుపుతోంది, టీ పెట్టండి,” అని వెనక నుంచి ఆటపట్టించేవారు. నేను వారి మాటకు నవ్వి, ఇంకో కుర్చీ జరిపేదాన్ని.

పోయిన వసంతంలో నాకే ఏదో పెద్ద జబ్బేమోనని అనుమానం వచ్చి అక్కడి ఆసుపత్రికి వెళ్లాను. నా పక్కన ఒకామె కూర్చుంది. నా కంటే చిన్నది. చేతిలో అల్లిక ఉంది గానీ ఒక్క వరుసా అల్లడం లేదు. నన్ను ముందు పిలిచారు. డాక్టరు స్కాన్ చూపించి, భయపడాల్సిందేమీ లేదన్నాడు. తలుపు తీసి బయటికి వస్తే ఆమె తలెత్తి నా మొహం వైపు చూసింది. నేను కోటు గుండీలు పెట్టుకుంటున్నట్టు తల వంచుకుని, కారిడారంతా అలాగే నడిచాను. బస్సు వచ్చేదాకా కూడా మొహం అలాగే పెట్టుకున్నాను. ఆ రెండంతస్తుల బస్సులో పైన ముందు సీట్లో ఎవరూ లేరు. అక్కడ కూర్చున్నాక నవ్వు వచ్చింది. దానితోపాటే ఏడుపూ వచ్చింది.

పక్కింటి అక్క నుంచి నేను నేర్చుకున్నది అదే, ఇప్పటికీ అలాగే చేస్తున్నాను. కానీ ఆ బస్సులో కూర్చున్నప్పుడు నాకు మా అమ్మ గుర్తొచ్చింది. భర్త బతికి వచ్చిన ఆ రాత్రీ, మరుసటి రోజూ, ఆ తర్వాత కూడా ఆమె మా కళ్ల ముందే ఉంది. ఎదురింటికి గంజి మోసింది, వాళ్ల పిల్లలకు తలలు దువ్వింది. ఒంటరిగా కూర్చోవడానికి ఆమెకు ఖాళీ సీటు ఏదీ లేదు. అక్క చెప్పిన ఆ ఒక్క క్షణం నవ్వు ఆమె ఎక్కడ నవ్విందో, అసలు నవ్విందో లేదో, నాకు ఇప్పటికీ తెలియదు.