సువర్ణ ఆంటీ వెనక్కి తిరగదు

మా ఆఫీసులో ఒక గది ఉంది. గోడ మొత్తానికి నల్లరంగు పూసి, కింద చాక్‌పీసులు పెట్టి, దానికి ఆలోచనల గది అని పేరు పెట్టారు. స్టుట్‌గార్ట్‌లో కార్లకు సాఫ్ట్‌వేర్ రాసే మాలాంటి వాళ్లకు మామూలు గదుల్లో ఆలోచనలు రావని ఎవరో కన్సల్టెంట్ చెప్పాడట. మొన్న ఒక మీటింగులో మా టీములో ఒకాయన ఆవేశంగా ఆ గోడ మీద పెద్ద గీత గీశాడు. చాక్ కిర్రుమంది. పొడి లేచింది. పక్కవాళ్లకు తుమ్ములొచ్చాయి, నాకు ఆకలేసింది. నా ముక్కుకు తెలిసినంతవరకు చాక్‌పొడి వాసన వెనకే పోపు వాసన రావాలి. ఆవాలు చిటపటలాడాలి, కరివేపాకు పడాలి, ఆ పొగలోంచి "అయితే ఏంది?" అని ఒక గొంతు వినపడాలి. అవేవీ రాలేదు. మేనేజర్ తరువాతి స్లైడుకు వెళ్లిపోయాడు.

ఆ గొంతు సువర్ణ ఆంటీది. ఇలా మొదలుపెట్టాను కదా అని ఆవిడ లేదేమోనని మీరు జాలిపడక్కర్లేదు. నిక్షేపంగా ఉంది. ఈ పొద్దున కూడా గులాబీ పువ్వు, కాఫీ కప్పు ఉన్న శుభోదయం బొమ్మ పంపింది. కాకపోతే మీరు ఆవిడను చూడలేదు, నాకు లెక్కలు అంటే ఏమిటో తెలిసింది ఆవిడ వంటగదిలో. అందుకే ఈ నాలుగు మాటలు.

నాన్నకు జర్మనీలోని వాల్డార్ఫ్‌లో ఉద్యోగం వచ్చినప్పుడు మేం హైదరాబాద్ నుంచి వచ్చి, ఆ పక్కనే ఒక చిన్న ఊళ్లో అద్దెకు దిగాం. మాకు రెండంతస్తుల కింద రఘు అంకుల్, సువర్ణ ఆంటీ ఉండేవాళ్లు. అంకుల్‌ది కూడా నాన్న ఆఫీసే. ఆంటీ హన్మకొండలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పిన లెక్చరర్. పెళ్లయ్యాక ఇక్కడికి వచ్చింది, వస్తూ వస్తూ సూట్‌కేసులో చాక్‌పీసుల డబ్బాలు తెచ్చుకుంది. జర్మనీలో ఇల్లు అద్దెకు తీసుకుంటే చాలాసార్లు వంటగది పేరుతో నాలుగు గోడలు, ఒక నీళ్ల పైపు ఇస్తారు. అలమరలు, పొయ్యి, సింకు మనమే కొని బిగించుకోవాలి, ఖాళీ చేసేటప్పుడు మనమే విప్పుకుపోవాలి. అలమరలు కొనడానికి ఫర్నిచర్ షాపుకు వెళ్లినరోజు ఆంటీ హ్యాండ్‌బ్యాగులోంచి చాక్‌పీసు తీసి, ఒక్కో తలుపు మీద ఒక్కో గీత గీసి చూసిందట. షాపువాడు పరిగెత్తుకొచ్చాడట. అంకుల్ పక్క సెక్షన్‌కి వెళ్లి, తనకు ఏ సంబంధం లేనట్టు టేబుల్ ల్యాంపులు చూస్తూ నిలబడ్డాడట. చివరికి నున్నగా కాకుండా కొంచెం గరుకుగా ఉన్న నల్ల తలుపులు దొరికాయి. అలా ఆ ఇంట్లో బ్లాక్‌బోర్డు వెనక కందిపప్పు ఉండేది.

ఇక్కడి స్కూల్లో టీచరుగా చేరాలని ఆవిడ చాలా ప్రయత్నించింది. డిగ్రీలన్నీ జర్మన్‌లోకి అనువాదం చేయించింది, టెర్మిన్ కోసం, అంటే ఆఫీసులో అపాయింట్‌మెంట్ కోసం, నెలలు ఎదురుచూసింది. ఇక్కడ టీచర్ కావాలంటే రెండు సబ్జెక్టులు చెప్పగలగాలని, ఒక్క లెక్కలతో కుదరదని వాళ్లు చెప్పారు. ఇంటికొచ్చి మా అమ్మతో అంది: "ఒక్కటే వస్తది నాకు. కానీ అది మంచిగ వస్తది. గీ మాట రాసేటందుకు ఫారంల జాగ లేదు." అమ్మ కళ్లు తుడుచుకుంది. ఆంటీ మాత్రం అదే ఊపులో, "టీ పెడ్తవా లేదా?" అని అడిగింది.

నా సంగతి వేరు. నాకు లెక్కలు చాలా బాగా వస్తాయని నేనూ, మా ఇంట్లో వాళ్లూ గట్టిగా నమ్మేవాళ్లం. హైదరాబాద్‌లో ఫౌండేషన్ కోచింగులో ప్రశ్న సగం చదవగానే ఆప్షన్ పెట్టేసేవాణ్ణి. మిగతా సగం చదవడం చేతకానితనం కింద లెక్క. ఇక్కడ గిమ్నాజియం అనే హైస్కూల్లో లెక్కలు ఉన్నత స్థాయిలో తీసుకున్నాను. మాకు చెప్పే ఫ్రావ్ కెల్లర్, అంటే మన భాషలో కెల్లర్ మేడం, నా పేపర్లు పట్టుకుని, జవాబు కింద ఉన్న తెల్ల కాగితం వైపు విచారంగా చూసేది. ఒకసారి పేరెంట్స్ మీటింగులో అమ్మ గర్వంగా, "మావాడు క్లాసులో నోరెత్తడండీ," అంది. నాన్న దాన్ని ఇంగ్లీషులో చెప్పాడు. ఫ్రావ్ కెల్లర్ తల ఊపి, "అవును, అదే సమస్య," అంది. క్లాసులో మాట్లాడితేనే ఇక్కడ సగం మార్కులు. అమ్మ దారంతా ఏమీ మాట్లాడలేదు. ఆ రోజు ఆమెకు కూడా మార్కులు పోయినట్టే.

చివరి సంవత్సరం రాత పరీక్ష దెబ్బకొట్టింది. ఫ్రావ్ కెల్లర్ నన్ను పిలిచి, మార్కులు చాల్లేదని, మౌఖిక పరీక్ష ఒకటి మిగిలి ఉందని, అందులో గట్టెక్కకపోతే ఆ ఏడాది మళ్లీ చదవాలని చెప్పింది. "నీకు వచ్చని నాకు అనిపిస్తుంది. కానీ అనిపించడానికి నేను మార్కులు వేయలేను. నువ్వు మాట్లాడాలి," అంది. ఆవిడ మాటలో కోపం లేదు. ఉండుంటే తిట్టుకోవడానికి వీలుగా ఉండేది. ఇంటికొచ్చి చెప్పాను. నాన్న కుర్చీలో కూర్చున్నాడు. అమ్మ టీవీ సౌండు తగ్గించింది. మా ఇంట్లో సంతాప దినమంటే అంతే. తరువాత అమ్మ నన్ను మెట్లమీదుగా రెండంతస్తులు కిందికి దింపి, ఆంటీ ముందు నిలబెట్టింది.

ఆంటీ ఉల్లిపాయలు తరుగుతోంది. చేతులు తుడుచుకుని నా పేపరు చూసింది. అందులో ఒక నీళ్ల ట్యాంకు లెక్క ఉంది. ట్యాంకులోకి నీళ్లు ఏ వేగంతో వస్తున్నాయో, పోతున్నాయో చూపించే గీత ఇచ్చి, ట్యాంకు ఎప్పుడు అన్నిటికన్నా నిండుగా ఉంటుందని అడిగారు. నేను గీత శిఖరం ఎక్కడుందో కనిపెట్టి, జవాబు చుట్టూ డబ్బా గీసి, పక్కన రెండు గీతలు కూడా కొట్టాను, అందంగా. ఆంటీ నవ్వడం మొదలుపెట్టింది.

"గీ తప్పు నాకు మస్తు తెల్సు రా. గిది మా హన్మకొండ తప్పు. మ్యాగ్జిమం అన్న మాట వినవడంగనే కత్తి తీసి డెరివేటివ్ కోస్తరు. ఎవని మ్యాగ్జిమమో అడగరు."

"ఎవనిది ఆంటీ?"

"నన్నెందుకు అడుగుతవ్? సింకును అడుగు."

సింకు రంధ్రానికి మూత సగం అడ్డం పెట్టి, కుళాయి తిప్పమంది. నీళ్లు దూకాయి. ఇప్పుడు నీళ్లు అన్నిటికన్నా జోరుగా వస్తున్నాయి కదా, సింకు నిండిందా అని అడిగింది. లేదు, ఇంకా పైకి లేస్తోంది. కుళాయి కొద్దిగా కట్టమంది. జోరు తగ్గింది, అయినా నీళ్లు పైకే లేస్తున్నాయి. ఇంకొంచెం కట్టాను. వచ్చేవీ పోయేవీ సమానమయ్యే దగ్గర నీటిమట్టం ఒక్క క్షణం ఆగి, తరువాత దిగడం మొదలైంది. నేను అలా చూస్తూ ఉండిపోయాను. శిఖరం దగ్గర కాదు, గీత సున్నాను దాటే దగ్గర నిండుతుంది. ఇన్నేళ్లు నేను వందల డెరివేటివ్‌లు తీశాను, ఒక్కసారి కూడా సింకు వైపు చూడలేదు. గొప్ప జ్ఞానోదయ ఘట్టమే, కాకపోతే నీళ్లు చిమ్మి నా సాక్సు తడిశాయి.

అసలు చదువు మర్నాటి నుంచి మొదలైంది. ఆంటీ పద్ధతి ఒక్కటే. తను పొయ్యి వైపు తిరిగి వంట చేస్తుంది, నేను ఆవిడ వెనక అలమర తలుపుల మీద లెక్క చేస్తాను. చేసి, చెప్పాలి. ఆవిడ వెనక్కి తిరగదు.

"ఇదిగో ఆంటీ, ఇది ఇలా వచ్చింది. చూడండి."

"నాకు కనవడ్తలేదు. చెప్పు."

"ఇటు తిరిగితే కనపడుతుంది కదా."

"తిరిగితే మెంతికూర మాడ్తది. పరీక్షల ఉన్నోడు నువ్వా, మెంతికూరనా?"

ఇది, అది, ఇక్కడ, ఇలా అన్న మాటలన్నీ ఆ వంటగదిలో చెల్లవని నాకు మొదటి గంటలోనే అర్థమైంది. చూడని మనిషికి గీత ఎక్కడ పుట్టి, ఎక్కడ లేచి, ఎందుకు వంగిందో మాటలతో కట్టి ఇవ్వాలి. నేను తడబడితే ఆవిడ గరిటె ఆగేది. సరిగ్గా చెబితే గరిటె కదిలేది. అంత నిజాయితీ గల మార్కుల విధానం నేను మళ్లీ చూడలేదు. అంతా చెప్పి, హమ్మయ్య అని చాక్ కింద పెట్టగానే, "అయితే ఏంది?" అనేది. అంటే వచ్చిన అంకె వల్ల ట్యాంకుకు ఏమైంది, మనిషికి ఏం తెలిసింది అని. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేక నేను చాలా మధ్యాహ్నాలు పప్పన్నం తిని వెళ్లిపోయాను.

ఆ రోజుల్లోనే మా ఊళ్లో తెలుగువాళ్ల పిల్లాడి పుట్టినరోజు జరిగింది. కేకు కోశాక నాన్నలందరూ ఒక మూల చేరి, ఇక్కడి సిలబస్ మీద విచారణ మొదలుపెట్టారు. మన దగ్గర ఇంటర్‌లో ఎంత చెప్పేవాళ్లు, ఇక్కడ పిల్లలకు ఏం చెబుతున్నారు, పన్నెండో క్లాసులో కూడా ట్యాంకులూ చెట్ల ఎత్తులూనా, ఇలా అయితే మన పిల్లలు ఏమైపోతారు అని. మా నాన్న గట్టిగా ఏమీ అనలేదు. ఆ ట్యాంకులో మునిగింది మా ఇంటివాడే కాబట్టి. వాళ్లలో ఒకాయన ఆంటీని పిలిచి, శనివారాలు ఒక బ్యాచ్ పెట్టి పిల్లలకు మన పద్ధతిలో చెప్పమని అడిగాడు.

ఆంటీ చేతిలో కాగితం ప్లేటు ఉంది. "ఇంటిగ్రేషన్ లాస్ట్ ఎప్పుడు చేసిన్రన్నా?" అని అడిగింది.

ఆయన ఆలోచించాడు. "ఎంట్రన్స్ రోజు," అన్నాడు. అందరూ నవ్వారు, ఆయన కూడా.

"మన దిక్కు చెప్పింది తప్పని నేననను. నేనే చెప్పిన గద. చెయ్యి ఆడాలె, చెయ్యి ఆడకుంటే బుర్ర ముందుకు పోదు. ఈళ్లకు అది తక్కువైతుంది, నేను ఒప్పుకుంట. కానీ మనం చెయ్యి ఒక్కటే ఆడిచ్చినం. ఏం జేస్తున్నవ్, ఎందుకు జేస్తున్నవ్ అని ఒక్కపారి గూడ అడగకపోతిమి. నా స్టూడెంట్లు బిట్టు చూడంగనే జవాబు జెప్పేటోళ్లు. ఇప్పుడనిపిస్తది, వాళ్లను ఒక్క దినం మా ఇంటికి పిలిచి సింకు చూపెట్టకపోతినే అని." చేతిలోని ప్లేటు మడిచి, "బ్యాచ్ పెడ్త. కానీ పిల్లలు నాకు చెప్పాలె, నేను వాళ్లకు చెప్ప. మీకు ఓకేనా?" అంది. ఆయన సమోసా తెచ్చుకోవాలని లేచాడు. బ్యాచ్ మాత్రం మొదలైంది, మొదట చేరింది ఆయన కూతురే.

పరీక్షరోజు గదిలో ఫ్రావ్ కెల్లర్, పక్కన నాకు తెలియని ఇద్దరు టీచర్లు. నా చేతికి ఒక గీత ఇచ్చారు. వేసవిలో ఈతకొలనుకు వచ్చేవాళ్ల లెక్క. గంటకు లోపలికి వచ్చేవాళ్లలోంచి బయటికి పోయేవాళ్లను తీసేస్తే ఎంత మిగులుతుందో ఆ గీత చెబుతుంది. కొలనులో ఎప్పుడు ఎక్కువమంది ఉంటారు? నా చెయ్యి దానంతట అదే డెరివేటివ్ రాయడానికి లేచింది. కోచింగ్ పాపం ఊరికే పోదు. సరిగ్గా అప్పుడు బోర్డు పక్కన చెయ్యి కడుక్కునే సింకు కనపడింది. చాక్ కింద పెట్టేశాను. బోర్డుకు వీపు పెట్టి, కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పడం మొదలుపెట్టాను. పొద్దున గేటు తెరిచారు, జనం వస్తున్నారు, వచ్చే జోరు పెరుగుతోంది. మధ్యాహ్నం జోరు తగ్గింది, అయినా పోయేవాళ్లకంటే వచ్చేవాళ్లే ఎక్కువ కాబట్టి కొలను ఇంకా నిండుతూనే ఉంది. రెండూ సమానమైన దగ్గర, గీత సున్నాను తాకిన దగ్గర, నీళ్లలో కాలు పెట్టడానికి చోటు ఉండదు.

"మరి గీత శిఖరానికి అర్థమేమిటి?" అని తెలియని టీచర్లలో ఒకాయన అడిగాడు.

"అప్పుడు టికెట్ కౌంటర్లో ఉన్నావిడ ఉద్యోగం మానేద్దామనుకుంటుంది," అన్నాను.

ముగ్గురూ నవ్వారు. నేను ఎటు చూస్తున్నానా అని ఆయన కిటికీ వైపు తొంగి చూశాడు. బయట సైకిళ్ల స్టాండు తప్ప ఏమీ లేదు. ఫ్రావ్ కెల్లర్ మాత్రం నన్నే చూస్తోంది. "ఇన్నాళ్లూ ఎక్కడున్నావు?" అంది. రెండంతస్తుల కింద అని చెప్పాలనిపించింది. గట్టెక్కాను. ఇంట్లో టీవీ సౌండు మామూలు స్థాయికి వచ్చింది. నేను కిందికి దిగి చెప్పేసరికి ఆంటీ చపాతీ ఒత్తుతోంది. అప్పుడు కూడా వెనక్కి తిరగలేదు. "ఎట్ల అడిగిన్రు, ఏం జెప్పినవ్, మొదటి నుంచి చెప్పు," అంది. మొత్తం చెప్పాను. గరిటె లేదు కాబట్టి అప్పడాల కర్ర కదిలింది. టికెట్ కౌంటర్ దగ్గర మాత్రం ఆగిపోయింది, నవ్వాపుకోలేక.

తరువాత వాళ్లు ఇంకో ఊరికి మారారు. అలమరలు విప్పడానికి నేనే సాయం వెళ్లాను. నల్ల తలుపులు ఒక్కొక్కటీ దింపుతుంటే, సినిమాల్లోలాగా వెనక ఎక్కడో చెరగని సమీకరణం ఒకటి మిగిలి ఉంటుందని చూశాను. నూనె జిడ్డు ఉంది. చాలా ఉంది. ఆంటీ ఇప్పుడు అక్కడ ఒక స్కూల్లో మధ్యాహ్నాలు పిల్లలతో హోంవర్క్ చేయించే పనిలో ఉంది. అది టీచర్ ఉద్యోగం కాదని కాగితాల్లో ఉంది. పిల్లలకు ఆ కాగితాలు ఎవరూ చూపించినట్టు లేదు.

నా చెల్లెలు ఇప్పుడు అదే గిమ్నాజియంలో చివరి ఏడాది. నిన్న సాయంత్రం నేను వంట చేసుకుంటుంటే వీడియో కాల్ చేసి, నోటుబుక్కు కెమెరాకు అతికించి, "అన్నా, ఇది చూడు, ఎక్కడ తప్పు?" అంది. ఫోను బోర్లా పెట్టేసి, బాణలిలో ఉల్లిపాయలు వేశాను.

"చెప్పు."

"నీకేం కనపడట్లేదు కదా, అబ్బా!"

"అందుకే చెప్పమంటున్నా."

జర్మన్‌లో సణిగింది. తరువాత మొదలుపెట్టింది. గీత ఎక్కడ పుట్టిందో, ఎక్కడ లేచిందో. ఇది, అది అన్నప్పుడల్లా ఆపాను. చివరికి ఒక అంకె చెప్పి ఊపిరి పీల్చుకుంది.

"అయితే ఏంది?" అన్నాను.

పెన్ను బల్ల మీద పడిన చప్పుడు. తరువాత, "వార్టె, వార్టె... ఆగన్నా, ఆగు..." అంది. ఆ గొంతు నాకు తెలుసు. లోపల ఎక్కడో నీటిమట్టం ఒక్క క్షణం ఆగినప్పుడు వచ్చే గొంతు. గరిటె పట్టుకుని, కదలకుండా, చెల్లి మళ్లీ మాట్లాడేవరకు వింటూ నిలబడ్డాను.

ఉల్లిపాయలు మాడిపోయాయి. ఆంటీ దగ్గర ఒక్కరోజు కూడా మాడలేదు. అది నేనింకా నేర్చుకోవాలి.