బోటు మీద రాకెట్టు అక్షరాలు

ఉప్పాడ ఒడ్డున సువార్తమ్మ నోరు తెలియనివాళ్ళెవరైనా ఉంటే, వాళ్ళు నిన్నగాక మొన్న కాపురానికొచ్చిన కొత్తకోడళ్ళే అయ్యుండాలి. రెండిళ్ళు సముద్రం మింగేసినా, "పోనీలెద్దురూ, దానికి మా ఇల్లంటే మక్కువ" అని నవ్వేసిన మనిషి. చేపలగంప నెత్తిన పెట్టుకుని పిఠాపురం వీధులన్నీ తిరిగి, కూడబెట్టి, ఎట్టకేలకు సొంతంగా ఓ ఫైబర్ బోటు కొంది. నడిపేది మొగుడు చిట్టియ్య. ఇన్నేళ్ళూ పరాయి బోట్ల మీద కూలికి వెళ్ళినవాడు, పాపం నోట్లో నాలుక లేనివాడు.

ఇక బోటుకి పేరు రాయించాలి. కాకినాడలో ఎలక్ట్రిక్ స్కూటర్ల షాపు బోర్డు చూసి సువార్తమ్మ మనసు పారేసుకుంది. ఆ అక్షరాలకి నీడల్లేవు, పువ్వుల్లేవు. సున్నాలన్నీ అడ్డంగా సాగదీసి, ఒక్కో అక్షరం పీట వేసుకుని కూర్చున్నట్టు ఎంత వెడల్పో! ఫోటో తీయించి తెచ్చి పెయింటర్ బుల్లియ్యకి చూపించింది.

"రాకెట్టు మీద అక్షరాల్లా ఉన్నాయేంటక్కా!" అన్నాడు బుల్లియ్య.

"ఆయ్, అవే కావాలి. దూరంనించి మా బోటేదో తెలియద్దూ? చూపు ఆనట్లేదురా తమ్ముడూ."

చూపు ఆనకపోవడం వట్టి బొంకు. అరమైలు దూరాన్నించి వలలో పడిన చేప వంజరమో కానాగంతో చెప్పగలదు. ఒడ్డునున్న బోట్లన్నిటి మీదా దేవుళ్ళ పేర్లో, మగాళ్ళ పేర్లో. తన కష్టంతో కొన్న బోటు మీద తన పేరు చూసుకోవాలని ఆవిడకి ప్రాణం కొట్టుకుపోతోంది. అంత నోరున్న మనిషికీ ఆ ఒక్కమాట అనడానికి సిగ్గు అడ్డొచ్చింది. అందుకే ఇద్దరి పేర్లూ పక్కపక్కన రాయమంది.

బుల్లియ్య సుద్దముక్కతో గీసి చూశాడు. చిట్టియ్య పేరుకే సగం బోటు అయిపోయింది. సువార్తమ్మ పేరు రెండక్షరాలు కాగానే చోటు చాల్లేదు.

"రెండూ పట్టవక్కా. సన్నగా రాస్తే పడతాయి గానీ కనపడవు. ఈ అక్షరాలే కావాలంటే ఒక్క పేరే."

"ఇందులో ఆలోచించేదేముంది? నడిపేవాడి పేరు రాసెయ్" అన్నారు చుట్టూ చేరినవాళ్ళు.

"అంతేలే, ఆయన పేరే రాయి" అంది సువార్తమ్మ. అన్నాక ఏడుపొచ్చినంత పనైంది.

పక్కనే వల బాగుచేసుకుంటున్న చిట్టియ్య లేచొచ్చాడు. తడిగుడ్డ తీసుకుని సుద్దతో గీసిన తన పేరు పూర్తిగా తుడిచేశాడు.

"అదేంటి మావా!"

"బోటులో నేనెలాగూ ఉంటాను గదే. బోటు మీద నువ్వుండు."

సువార్తమ్మకి కళ్ళ నీళ్ళు తిరిగాయి. ముక్కు చీదుకుని బుల్లియ్య మీద విరుచుకుపడింది.

"గుడ్లప్పగించి చూస్తావేంట్రా? ఈ చివర్నించి ఆ చివరిదాకా లాగు!"

నీలం రంగులో నాలుగక్షరాలూ బోటంతా పరుచుకున్నాయి. ఆవిడకి మనసాగలేదు. పెయింటు ఆరకముందే మొదటి అక్షరాన్ని అరచేత్తో నిమిరేసింది. బుల్లియ్య లబోదిబోమన్నాడు.