కొంగులో చేతులు

ఆవిడ పేరు నాకు తెలియదు. అడిగే ముఖం కూడా లేదు.

గోల్‌మురిలో షేర్ ఆటో ఎక్కి సాక్చీలో పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. ఒళ్లో మూడేళ్ల పాప జ్వరంతో మూలుగుతోంది. దవడలు రెండూ వాచిపోయాయి. గవదబిళ్లలకు ఒంటి మీద బంగారం ఉండాలని అత్తగారు దాని బారసాలనాటి గొలుసు తీసి మెడలో వేశారు. నేనూ వద్దనలేదు.

పక్కన కూర్చున్న పెద్దావిడ చాలాసేపు పాపనే చూసింది. ఉన్నట్టుండి ఆమె చెయ్యి పాప మెడ దగ్గరికొచ్చింది. నేను గొలుసు గుప్పిట పట్టుకుని, "హాథ్ హటావో!" అని, చెయ్యి తీయమని ఈ ఊరి హిందీలో అరిచాను. ఆటోలో అందరూ ఆమెనే అదోలా చూశారు.

పాపతో నేను మాట్లాడిన తెలుగు వినే ఉంటుంది. చేతులు కొంగులో చుట్టుకుని, తెలుగులోనే, మెల్లగా అంది:

"వాపుకి గొలుసు బిగుసుకుపోతంది తల్లీ. నాను ముట్టుకోను. నువ్వే తీసీ."

తీశాను. పాప మెడ చుట్టూ ఎర్రటి గీత పడి ఉంది. నా గుప్పిట గొలుసుని ఇంకాస్త బిగించింది.

కాసేపటికి పాప మూలుగు మాని ఆమె వైపు రెండు చేతులూ చాచింది. ఆమె నవ్వింది. కానీ కొంగులో చుట్టుకున్న చేతులు సాక్చీ వచ్చేదాకా బయటికి తీయలేదు.