‘మనవాళ్ళు’ అనే మాటకు అసలు అర్థం

ఒక వాదనలో సంపూర్ణ విజయం సాధించి, ఉన్న ముగ్గురు స్నేహితులనూ పోగొట్టుకున్న ఘనుణ్ణి నేను. నవ్వడానికి మొహమాటపడకండి, నేనూ ఇప్పుడిప్పుడే నవ్వడం నేర్చుకుంటున్నాను.

కర్నూలులో లా చదివేటప్పుడు రఫీ, మద్దిలేటి, ఓబులేసు, నేను ఒకే గదిలో ఉండేవాళ్ళం. “ఆదివారం మనవాళ్ళంతా ఈ గదిలోనే తినాలి” అని నియమం పెట్టుకున్నాం. లాయర్లమయ్యాక వాళ్ళు ముగ్గురూ పెళ్ళిళ్ళు చేసుకొని వెళ్ళిపోయారు. గదిలో నేనూ, కిర్రుమనే ఫ్యానూ మిగిలాం. అయినా ఆదివారం తప్పకుండా వచ్చేవాళ్ళు. మిగతా ఆరు రోజులూ నేను ఫ్యానుతోనే మాట్లాడేవాణ్ణి.

అప్పుడే నాకో పిచ్చి పట్టింది. రాజ్యాంగంలో ఏ మాటకైనా రాసిననాటి అర్థమే చెల్లాలి, జడ్జీలు దాన్ని సాగదీయకూడదు! క్షవరం చేయించుకుంటూ కూడా ఇదే వాదించేవాణ్ణి. పాపం, మంగలి చేతిలో కత్తి ఉన్నా ఓర్చుకునేవాడు.

“రాసినోళ్ళు సెల్‌ఫోను చూసినారా అప్పా? అట్లయితే పోలీసోళ్ళు నీ ఫోను ఊరికే తెరిచి చూడొచ్చా?” అనేవాడు రఫీ.

“కొత్తది కావల్లంటే సవరణ చేసుకోండి. పాత మాటకు కొత్త అర్థం పుట్టియ్యొద్దు!” అని గర్జించేవాణ్ణి.

ఒక ఆదివారం రఫీ భార్య సకీనా కూడా వచ్చింది, చేతిలో పాయసం గిన్నెతో. బుద్ధున్నవాడు గిన్నెకేసి చూస్తాడు. నేను నియమంకేసి చూశాను.

“వదినా, ఏమనుకోవద్దండి. నియమం పెట్టిన పొద్దు ‘మనవాళ్ళు’ అంటే మేం నలుగురమే. మీరు అందులోకి రారు.”

మద్దిలేటి అందుకున్నాడు.

“ఆ పొద్దు మనలో ఎవరికన్నా పెండ్లి అయిండెనా?”

“లేదు.”

“అంటే ‘మనవాళ్ళు’ అంటే పెండ్లికానోళ్ళు. నీ లెక్కన మేం ముగ్గురమూ రాము గదప్పా?”

ఒక మనిషికి నా సిద్ధాంతం అర్థమైందన్న ఆనందంలో నా ఒళ్ళు పులకరించింది.

“శభాష్! సరిగ్గా అదే నా వాదన!”

ముగ్గురూ లేచారు. గిన్నె కూడా లేచింది.

మరుసటి ఆదివారం ఎప్పటిలాగే నలుగురికీ వండాను. ఎవరూ రాలేదు. రఫీకి ఫోను చేశాను.

“శ్రీశైలంలో ఉండాము. డ్యాం గేట్లు ఎత్తినారని ఆడోళ్ళు, పిల్లోళ్ళు అంతా కలిసి వచ్చినాము.”

“నాకు చెప్పలేదే?”

“కుటుంబాలతోనే రావల్లని నియమం పెట్టుకున్యామప్పా. నువ్వు దాంట్లోకి...” మర్యాదస్థుడు, మిగతాది మింగేశాడు. వెనక నీళ్ళ హోరు చాలాసేపు వినిపించింది.

ఆ పూటే సవరణ ప్రవేశపెట్టాను: ‘మనవాళ్ళు’ అంటే భార్యలూ, పిల్లలూ, వాళ్ళు వెంటబెట్టుకొచ్చేవాళ్ళూ అందరూ. సభలో ఉన్నది నేనొక్కణ్ణే కాబట్టి ఏకగ్రీవంగా నెగ్గింది. అందరికీ మెసేజి పెట్టాను. ఓబులేసు ఒక నమస్కారం బొమ్మ పంపాడు. అంతే.

అందువల్ల పాఠకులారా, మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో నా తలుపు తట్టినవాళ్ళను ఏ నియమం కింద వచ్చారని అడగను.

ఇంతవరకూ ఎవరూ తట్టలేదు. ప్రమాణం మాత్రం తు.చ. తప్పకుండా పాటిస్తున్నాను.