మూడూ అయిపోయాయని చెప్పిన రోజు

మా పత్రికాఫీసులో ఒక అలవాటు ఉండేది. సాయంత్రం ఏడు కాగానే హైదరాబాద్ నుంచి ఫోన్ వచ్చేది: "పేజీ పోయిందా?" మేం తడుముకోకుండా "పోయింది" అనేవాళ్లం. అప్పటికి పేజీలో ఏదో ఒక మూల ఇంకా ఖాళీగానే ఉండేది. ఆ మాటతో పది నిమిషాలు దొరికేవి. ఆ పది నిమిషాల్లో పేజీ నిజంగానే వెళ్లేది. అవతలివాళ్లకూ ఈ సంగతి తెలుసు. ఇరవై ఏళ్లపాటు ఆ మాట చెప్పాను. అబద్ధమని ఎన్నడూ అనుకోలేదు.

వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల, మూడుచోట్లా మాకు చిన్న ఆఫీసులుండేవి. నేను వనపర్తిలో కూర్చుని మూడింటినీ చూసేవాణ్ని. నా పక్క కుర్చీలో కూర్చునే ఆమెది తెలకపల్లి దగ్గరి ఊరు. తల్లిదండ్రులు ఏటా వలసపోయి మట్టిపని చేసొచ్చినవాళ్లు. టైపింగుకని చేరి, వార్తలు అమర్చి పేజీలు పెట్టడం నేర్చింది. కంప్యూటర్లు మొరాయిస్తే చూసే దిక్కులేక ఆ పనీ నేర్చింది. నేను చెల్లె అనేవాణ్ని, ఆమె సార్ అనేది.

ఆ వేసవిలో మూడు ఆఫీసులకూ కొత్త కంప్యూటర్లు వచ్చాయి. వాటితోపాటు ఒక పెన్‌డ్రైవ్, ఒక ఉత్తరం. పెన్‌డ్రైవ్ పెట్టి ఆన్ చేస్తే చాలు, మనిషి చెయ్యి పడకుండా విండోస్ దానంతటదే ఎక్కాలి. మిగతా సరంజామాను హైదరాబాద్ సర్వర్ నుంచి అదే తెచ్చుకోవాలి. శుక్రవారంలోగా మూడుచోట్లా ఇలా జరగకపోతే పేజీలన్నీ హైదరాబాద్‌లోనే తయారవుతాయి, ఆమె ఉద్యోగం ఉండదు. ఉత్తరంలో ఈ చివరి మాట చాలా మర్యాదగా రాశారు.

సోమవారం పెన్‌డ్రైవ్ పెట్టాం. కొంతదూరం నడిచి, నెట్‌వర్క్ దొరకలేదంటూ ఆగిపోయింది. కంప్యూటర్లలోని నెట్‌వర్క్ కార్డు కొత్తది. దానితో ఎలా మాట్లాడాలో చెప్పే డ్రైవర్ పెన్‌డ్రైవ్‌లో లేదు. ఆమె ఆ డ్రైవర్ వెతికి తెచ్చి పెన్‌డ్రైవ్‌లోనే చేర్చింది. మళ్లీ అక్కడే ఆగింది. మరునాడంతా అదే తంతు.

"ఇంకా రాలేదా చెల్లె?"

"డ్రైవర్ ఏసిన సార్. అయినా కార్డే లేదంటది. ఎదురుంగ ఉన్న మనిషిని పట్టుకొని నువ్వు లేవు పో అన్నట్టున్నది దీని కత."

బుధవారం పొద్దున్నే ఆమె నుదురు కొట్టుకుంది.

"మనం చేసే తప్పే సార్ ఇది. ఒకటే వార్త మూడు పేజీల్ల పెడ్తం. వనపర్తి పేజీల పేరు తప్పుంటే దిద్దుతం, గద్వాల పేజీల దిద్దుడు మర్సిపోతం. గట్లనే అయింది."

పెన్‌డ్రైవ్‌లో నిజానికి రెండు సిస్టంలు ఉంటాయట. ముందుగా మేలుకుని ఎక్కించే పని చేసేది చిన్నది. ఎక్కి కంప్యూటర్‌లో ఉండిపోయేది పెద్దది. ఆమె పెద్దదానిలోనే డ్రైవర్ చేర్చింది. చిన్నదానికి దారి తెలియక ఆగిపోతోంది. రెండోచోట కూడా చేర్చి ఆన్ చేసింది. మేమిద్దరం చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తుండగా అది చివరిదాకా నడిచింది. మధ్యాహ్నం బిజినేపల్లి మీదుగా నాగర్‌కర్నూల్ వెళ్లి, అక్కడా చేసి వచ్చింది.

గురువారం ఆమె వనపర్తి, నాగర్‌కర్నూల్ పేజీలు పొద్దున్నే ముగించి, గద్వాల బస్సుకు సంచి సర్దుకుంటుండగా హైదరాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. ఎంతవరకు వచ్చిందని అడిగారు.

"అయిపోయింది. మూడూ అయిపోయాయి" అన్నాను.

ఫోన్ పెట్టగానే ఆమె నా వైపు తిరిగింది.

"ఏంది సార్ గట్ల చెప్తిరి? గద్వాల మిషన్లు నేనింక చూడనే లేదు. అండ్ల కార్డు వేరేది ఉంటే మళ్ల మొదటికే."

"సాయంత్రానికి అయితది తీ. పేజీ పోయిందని రోజూ చెప్తలేమా?"

"పేజీ మన చేతిల ఉంటది సార్" అంటూ నవ్వింది. బస్సు వేళయిందని వెళ్లిపోయింది.

ఆమె ఉద్యోగం కాపాడుతున్నాననే అనుకున్నాను.

నా మాట నమ్మి హైదరాబాద్‌వాళ్లు మధ్యాహ్నమే పాత కంప్యూటర్లు పని చేసే సర్వర్ ఆపేశారు. గద్వాలలో కార్డు నిజంగానే వేరేది. కొత్త కంప్యూటర్లు ఆగిపోయాయి. పాతవాటికి ఇక సర్వర్ లేదు. గద్వాల విలేకరులు వార్తలు నా ఫోన్‌కు పంపారు. కానీ పేజీ పెట్టడం వచ్చిన మనిషి గద్వాలలో ఉంది. ఏడింటికి ఫోన్ మోగింది. ఆ రోజు పోయిందనడానికి గద్వాల పేజీయే లేదు.

తెల్లారి గద్వాల పాఠకులకు నాగర్‌కర్నూల్ పేజీ వెళ్లింది. ఒకాయన ఫోన్ చేశాడు.

"అన్నా, ఇయ్యాల మా నాయన దినం. చుట్టాలు పేపర్ల చూసి వస్తరని ప్రకటన ఇస్తిమి. మీరు నల్లమల అడివి సంగతులు ఏస్తిరి. వండిన అన్నం ఎవరికి పెట్టాలె?"

క్షమించమన్నాను. "క్షమిస్త తియ్, చుట్టాలను నువ్వే పిలుస్తవా?" అని పెట్టేశాడు.

ఆమె ఆ శుక్రవారమే గద్వాల కార్డు డ్రైవర్ కూడా రెండుచోట్లా చేర్చింది. గడువులోగానే మూడూ నడిచాయి. అది ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. సోమవారం హైదరాబాద్ నుంచి ఒకాయన వచ్చాడు. అయిపోయిందని "వనపర్తి ఆఫీసు చెప్పింది" అని మాత్రమే వాళ్లు రాసుకున్నారట.

"చూడకుండానే అయిపోయిందని ఎలా చెప్పారమ్మా?" అని ఆమెనే అడిగాడు.

ఆమె ఒక్కసారి నా వైపు చూసింది. నా చేతిలో ఆ రోజు పేపరు ఉంది. పేజీ తిప్పాను.

"తప్పయింది సార్" అంది ఆమె.

ఆ మాట చెప్పింది నేనని హైదరాబాద్‌కు తర్వాతైనా రాయలేదు. నెల తిరిగేలోగా ఆమెను తీసేశారు. వెళ్లేముందు పెన్‌డ్రైవ్‌ను నా బల్ల మీద పెట్టి, ఏ మిషన్‌కైనా పని చేస్తుందని చెప్పింది. చేసింది కూడా. ఆ తర్వాత కంప్యూటర్ పాడైన ప్రతిసారీ దాన్ని పెట్టి పక్కన కూర్చునేవాణ్ని. అదే మేలుకుని, అదే దారి వెతుక్కుని, అదే ముగించేది. నేను చేయాల్సిందేమీ ఉండేది కాదు.

మొన్న హైదరాబాద్ వెళ్తుంటే కొత్తకోటలో బస్సు ఆగింది. లారీలు ఆగే దాబా పక్కన ఒక జిరాక్స్ షాపులో ఆమె కనిపించింది. ఎవరిదో దరఖాస్తు నింపుతోంది. నన్ను చూసి లేచి బయటికొచ్చింది.

"మంచిగున్నరా సార్? సన్నబడ్డరు. చాయ్ తాగుదురు రాండ్రి."

బస్సు కదులుతుందన్నాను. ఆ తప్పు నాదని ఆమెతో అనాలని ఏడాదిగా అనుకుంటున్నాను.

"గద్వాల మిషన్లు మంచిగ నడుస్తున్నయా సార్?" అని అడిగింది.

గద్వాల ఆఫీసు మూసేసి నాలుగు నెలలైంది. ఆ కంప్యూటర్లు అట్టపెట్టెల్లో నా కుర్చీ వెనకే ఉన్నాయి.

"నడుస్తున్నయ్ చెల్లె" అన్నాను.