లాకు దగ్గర ఆగిన మూడు రోజులు

జూన్ రెండో సోమవారం, ఉదయం ఐదూ నలభై. పదవీ విరమణకు అప్పటికి పద్నాలుగు నెలలు. కృష్ణా డెల్టాలో ఒక బ్రాంచి కాలువకు డిప్యూటీ ఇంజినీరుగా ఉన్నాను. ఆరింటికి లాకు తలుపులెత్తి ఖరీఫ్ నీరు వదలాలి. ఇరవై నిమిషాల ముందు పై అధికారి ఫోన్ చేసి, గురువారం వరకు ఆపమన్నారు.

కారణం సినిమా. వేసవిలో కాలువ కట్టేసినప్పుడు ఎండిన అడుగున సెట్టు వేసుకోవడానికి ఒక చిత్ర బృందానికి ఆదివారం సాయంత్రం వరకు అనుమతి ఉంది. నూరేళ్ల కిందటి కథ. జమీందారు నీళ్లకు తాళం వేస్తాడు. అర్జీలు పెట్టి విసిగిన రైతులు నడిచి వచ్చి తలుపులు పగలగొడతారు. దర్శకుడు నిదానస్తుడు. ఆ నడకను పదకొండు నిమిషాల ఒకే షాటుగా తీయాలని పట్టుబట్టాడు. ఆదివారానికి కుదరలేదు.

ఆదేశం రాతపూర్వకంగా ఇవ్వమన్నాను.

"గేజి రిజిస్టర్లో గట్టు మరమ్మతు అని రాసెయ్యండి మేడమ్. మూడు రోజులకి ఏం మునిగిపోద్ది?" అన్నారు.

గేజి రిజిస్టరంటే కాలువలో నీటి మట్టం, తలుపులు తెరిచిన వేళ, మూసిన వేళ, కారణం రోజూ రాసే పుస్తకం. నీళ్ల తగాదా ఎక్కడ వచ్చినా చివరికి అదే సాక్షి. ముప్పై మూడేళ్లలో అందులో అబద్ధం రాయలేదు. ఆ ఉదయం రాశాను.

మూడు రోజులన్నది లాకు దగ్గరి లెక్క. నీరు ఆలస్యమైతే ఎగువ రైతులంతా ఒక్కసారే ఇంజన్లు పెట్టి తోడేస్తారు. కాలువ చివరనున్న శివారు ఊరికి అది తొమ్మిది రోజులవుతుంది. అక్కడిది చవుడు నేల. తడి ఆరితే ఉప్పు తేలుతుంది. ఆ ఊరి కౌలు రైతు మరియమ్మ శనివారం ఫోన్ చేసి నారుమడిలో విత్తనం చల్లుకోవచ్చా అని అడిగితే, చల్లుకోమన్నది నేనే.

మంగళవారం ఆమె ఇరవై రెండు మందితో ట్రాక్టరెక్కి లాకు దగ్గరకు వచ్చింది.

"అమ్మగారూ, మీ మాట మీద మొలక చల్లామండీ. గుంటలో నీళ్లు బిందెలతో పోస్తన్నాం. ఎల్లుండికి అయ్యీ అయిపోతాయి."

పైనుంచి వచ్చిన ఆర్డరని చెప్పాను. ఇంతలో సహాయ దర్శకుడొకడు పరుగున వచ్చాడు. "వీళ్లని పంపెయ్యకండి మేడమ్, ఇలాంటి మొహాలు మాకు దొరకట్లేదు." షాటు అయిపోతే తమ దర్శకుడే పై అధికారికి చెబుతాడని మాటిచ్చి, వాళ్లను ముందు వరుసలో నిలబెట్టాడు.

"నీళ్లు కావాలని కోపంగా అరవాలమ్మా."

"అది నువ్వు నేర్పాలా అబ్బాయ్? పొద్దుటేల నుంచీ అదేగా మేం అరుస్తన్నది!" అంది మరియమ్మ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నాలుగోసారికి షాటు కుదిరింది. వాళ్లకు భోజనం పెట్టి పంపారు. దర్శకుడు ఎవరికీ ఏమీ చెప్పలేదు. నేను పై అధికారికి ఫోన్ చేస్తే, సెట్టు విప్పాలి కదా, గురువారమేనన్నారు. గురువారం ఆరింటికి తలుపులెత్తాం. నీరు శివారుకు చేరేసరికి మొలకలు తెల్లబడి ఎండిపోయాయి.

వాళ్లు నష్టపరిహారానికి అర్జీ పెట్టారు. విచారణాధికారి రిజిస్టరు తెప్పించి, సంతకం మీదేనా అని అడిగారు. నాదేనన్నాను. మరమ్మతు నిజంగా జరిగిందా అని ఆయన అడగలేదు. నేను చెప్పలేదు. ఆలస్యం మరమ్మతు వల్లేనని రాసి అర్జీ మూసేశారు.

సినిమా ఏడాది తరువాత వచ్చింది. పటమట నుంచి ఆటోలో వెళ్లి మ్యాట్నీ చూశాను. ఆ పదకొండు నిమిషాలూ ముందు వరుసలో మరియమ్మే. పెదవులు ఆమెవి, గొంతు ఇంకెవరిదో. తరువాత తలుపులు పగిలాయి, తెర నిండా నీళ్లు వచ్చాయి. హాల్లో చప్పట్లు కొట్టారు.

రాయమన్నవారి పేరు రిజిస్టరులో ఉండదు, రాసినవారి సంతకమే ఉంటుంది. నేను రాసిన ఆ పంక్తిని కొట్టేసే వీలు నాకు విచారణ రోజున ఒక్కసారి వచ్చింది. ఉద్యోగం నేర్పింది ఇంతే.

పోయినవి: నలభై ఒక్క ఎకరాలకు సరిపడే నారు. ఇరవై మూడు కుటుంబాల ఖరీఫ్. మరియమ్మ కౌలు చేసే రెండెకరాలు. యజమాని మరుసటి ఏడు ఇంకొకరికిచ్చాడు. ఆమె ఇప్పుడు గుణదలలో నాలుగిళ్లలో పనిచేస్తోంది.