ఒడ్డు నుంచి దిగిన సముద్రం

మా అత్త పోయిందన్న కబురు నాకు ముందుగా చెప్పింది పోలమ్మ. నాన్న కాదు, ఆస్పత్రివాళ్ళు కాదు. పొద్దున్నే ఫోన్ మోగింది. "టీచరమ్మ ఎల్లిపోనాదే" అంది. విశాఖలో మా వంటింట్లో గరిటె పట్టుకుని నిలబడి నేను మొదట అనుకున్నదేమిటో చెబితే మీరు నన్ను మనిషి కింద లెక్కెయ్యరు. నాకంటే ముందు దీనికెలా తెలిసింది అనుకున్నాను. ఆఖరికి కూడా అత్త పక్కన ఇదే ఉందన్నమాట అనుకున్నాను. ఏడుపు ఆ తర్వాత వచ్చింది. వచ్చాక ఒక పట్టాన ఆగలేదు.

అత్త అంటే మా నాన్నకు అక్క. టెక్కలిలో ఆడపిల్లల బడిలో సైన్సు టీచరుగా చేసింది. మాది కంచిలి అవతల పల్లె, కాస్త జీడితోట, కాస్త కొబ్బరి. ఐదో తరగతి అయ్యాక చదువు కోసం నన్ను అత్త దగ్గర దించేశారు. మావయ్య అప్పటికే లేడు, పిల్లల్లేరు. ఆ ఇంట్లో అత్తకు నేను, నాకు అత్త. అంతకుమించి ఇంకెవరూ ఉండరనే నా నమ్మకం. బళ్ళో మాత్రం అత్తా అని పిలవకూడదని మొదటిరోజే చెప్పేసింది. "ఇంటికాడ నీ అత్తని. బళ్ళో అందరి టీచర్ని" అంది. నేను తలూపాను గానీ ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోలేదు.

బళ్ళలోకి కంప్యూటర్లు కొత్తగా వస్తున్న రోజులవి. మా బడికీ వచ్చాయి. వాటిని పెట్టిన గదికి నీలం కర్టెన్లు, కింద తివాచీ. చెప్పులు గుమ్మం బయటే విప్పాలి. ముట్టుకుంటే ఏం పాడవుతుందోనని మిగతా టీచర్లు ఆ గది ఛాయలకు వచ్చేవారు కాదు. అత్త ట్రైనింగుకు వెళ్ళొచ్చి, తాళంచెవి కొంగున కట్టుకుంది. విశాఖ నుంచి ఎవరో తెచ్చిచ్చిన ఒక సీడీ ఉండేది ఆమె దగ్గర. సముద్రం గురించి పిల్లలకు నేర్పే ఆట అది. తెరమీద పసుపురంగు ఓడ ఒకటి ఉంటుంది. దాని మీద నొక్కితే మనం కెప్టెన్. ఓడను నడిపించుకుంటూ నడిసముద్రానికి వెళ్ళి, అక్కడ నీళ్ళలోకి దూకి, కనబడిన జీవానికల్లా ఫోటో తియ్యాలి. అది ఏమిటో సరిగ్గా గుర్తుపడితే ఒక ముత్యం ఇస్తారు. పక్కన పచ్చగీత ఒకటి తరుగుతూ ఉంటుంది, అది మన గాలి. అది ఎర్రగా అయ్యేలోగా పైకి వచ్చెయ్యాలి.

మా అత్తకు సముద్రమంటే భయం. టెక్కలి నుంచి బస్సెక్కితే ఎంతో దూరం కాదు గానీ, బడి పిల్లల్ని ఎప్పుడు తీసుకెళ్ళినా చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని మడమలు తడిసేంతవరకే నిలబడేది. అలాంటి మనిషి ఆ తెర ముందు కూర్చుంటే ఎక్కడలేని ధైర్యం వచ్చేది. మనం నీళ్ళలోకి దూకగానే బుగ్గలు రెండూ పూరించి ఊపిరి బిగబట్టేసేది. కావాలని చేసేది కాదు, అలా అయిపోయేదంతే. ఆమెను చూసి క్లాసు క్లాసంతా బుగ్గలు పూరించేది. ఎవరో ఒకరు ఉండబట్టలేక భుస్సుమనేవారు. ఇక నవ్వులే నవ్వులు. "గాలి సూసుకో గుంటా" అని మౌస్ పట్టుకున్న పిల్ల వీపు మీద తట్టేది. ఇంట్లో కూడా అదే మాట. బజారుకు వెళ్తుంటే, పరీక్షకు వెళ్తుంటే, పండక్కి మా ఊరికి బస్సెక్కిస్తూ, గాలి సూసుకో. అది నాకొక్కదానికే చెప్పే మాట అని నేను లోలోపల దాచుకున్నాను.

మొదట్లో ఆ ఓడకు కెప్టెన్ని నేనే. అత్త కుడిపక్క స్టూలు నాది. ఆట నా సొంతమన్నట్టు ఆడేదాన్ని. ఎనిమిదో తరగతిలో పోలమ్మ వచ్చి చేరింది. మూలపేట దాటాక సముద్రపొడ్డున ఉండే పల్లె వాళ్ళది. వాళ్ళ నాన్నకు తెప్ప ఉండేది. రోజూ బస్సులో వచ్చేది. తన వంతు వచ్చినరోజు చెప్పులు విప్పి, గుమ్మానికి దణ్ణం పెట్టి లోపలికొచ్చి నా స్టూలు మీద కూర్చుంది. ఓడ మీద నొక్కమంది అత్త. పోలమ్మ మౌస్ మీద చెయ్యి పెట్టి, వేడి తగిలినట్టు వెనక్కి తీసేసుకుంది.

"ఆడోల్లం తెప్పెక్కకూడదండి టీచరమ్మా" అంది.

క్లాసు గొల్లుమంది. నేనైతే అందరికంటే గట్టిగా నవ్వాను. అత్త నవ్వలేదు. మరి మీ ఆడవాళ్ళు ఏం చేస్తారని నెమ్మదిగా అడిగింది. ఒడ్డున నిలబడతాం, వలతాడు లాగుతాం, మోకాటిలోతు వరకూ దిగొచ్చు, తెప్ప మీద మాత్రం కాలు పెడితే గంగమ్మకు కోపం వస్తుంది, నాన్నకు చేప పడదు అని పోలమ్మ చెప్పింది. ఇది బొమ్మ ఓడ కదా అని అత్త అనలేదు. ఆ సాయంత్రం ఇంటికి ఆలస్యంగా వచ్చింది. ఆ ఆటలో అన్ని మూలలూ వెతికితే, ఒక మూల ఒడ్డు బొమ్మ దొరికిందట. దాని మీద నొక్కితే ఓడ అక్కర్లేకుండా ఇసుక మీద నుంచే నడుచుకుంటూ నీళ్ళలోకి దిగొచ్చు.

మర్నాటి నుంచి మా బళ్ళో ఎవరూ ఓడ ఎక్కలేదు. అందరం ఒడ్డు నుంచే. అలా వెళ్తే లోతుకు చేరేసరికి పచ్చగీత సగానికి పడిపోయేది. తిమింగలాలు ఉండేచోటికి ఇక వెళ్ళేదే లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఓడ పోయింది, కెప్టెనుగిరీ పోయింది, కుడిపక్క స్టూలూ పోయింది. నాకేమీ పట్టింపు లేదు కదా, నేనెందుకు ఎక్కకూడదని ఇంట్లో అన్నం ముందు కూర్చుని ఏడ్చాను. అత్త నా కంచంలో పప్పు వేస్తూ చెప్పిన మాట ఇది:

"నిన్నెక్కొద్దని ఎవులన్నారే. మీరందరూ ఓడెక్కెల్లిపోతే ఆ గుంట ఒక్కత్తీ ఒడ్డున ఉండిపోద్ది. ఎవులూ ఎక్కకపోతే ఒడ్డుమీద అందరమూ ఉంటాం."

నాకు ఆ మాట అప్పుడు రుచించలేదు. పప్పు కూడా రుచించలేదు.

ఆ తర్వాత సాయంత్రాలన్నీ పోలమ్మవే. ఆమె బస్సు వచ్చేదాకా అత్తా, ఆమే కంప్యూటర్ గదిలో కూర్చునేవారు. నేను వరండాలో సంచీ ఒళ్ళో పెట్టుకుని, గుమ్మం బయట విడిచిన రెండు జతల చెప్పులు చూస్తూ ఉండేదాన్ని. లోపల్నుంచి నవ్వులు వినబడేవి. రాత్రి భోజనాల దగ్గర అత్త నోట పోలమ్మ మాటలే. టేకు చేప తోకలో ముల్లు ఉంటుందట, వాళ్ళ నాన్న దాన్ని ముందే విరిచేస్తాడట. నేను లెక్కల్లో ఫస్టు వచ్చానని చెప్పబోతే టేకు చేప అడ్డమొచ్చేది. ఊపిరి బిగబట్టడంలో కూడా పోలమ్మదే పైచెయ్యి. ఒకసారి కళ్ళు బైర్లు కమ్మేదాకా బిగబట్టి చూశాను. నేను వదిలేశాక కూడా పోలమ్మ బుగ్గలు అలాగే ఉన్నాయి. దాని కళ్ళు నవ్వుతున్నాయి.

ఆ ఏడాది శ్రీకాకుళంలో సైన్సు ప్రదర్శన పెట్టారు. బడికొక పిల్లను తీసుకెళ్ళి కంప్యూటర్ పాఠం చూపించాలి. నన్నే తీసుకెళ్తుందని గౌను ఇస్త్రీ చేయించుకుని కూర్చున్నాను. అత్త పోలమ్మను తీసుకెళ్ళింది. నన్ను పక్కింటివాళ్ళకు అప్పజెప్పి, వెళ్తూ వెళ్తూ గాలి సూసుకో అంది. నేను మొహం తిప్పేసుకున్నాను.

అక్కడేం జరిగిందో నేను చూడలేదు. కానీ అత్త ఎన్నిసార్లు చెప్పిందో, నేను చూసినట్టే ఉంటుంది. పెద్దలందరూ వెనక నిలబడ్డారు. పోలమ్మ ఒడ్డు నుంచి దిగి, చకచకా ఫోటోలు తీసి ముత్యాలు పోగేస్తోంది. ఇంతలో తెర మీదికి పెద్ద తాబేలు వచ్చింది. దాన్ని ఫోటో తీస్తే అన్నిటికంటే ఎక్కువ ముత్యాలు, బహుమతి ఖాయం. పోలమ్మ మౌస్ వదిలేసి రెండు చేతులూ జోడించింది. తాబేలు ఈ చివర నుంచి ఆ చివరకు నింపాదిగా ఈదుకుంటూ పోయింది. ఫోటో తియ్యమ్మా అంటూ వెనక నుంచి ఎవరో తొందరపెట్టారు. "మా వల్లో పడితే బొట్టెట్టి వదిలేత్తామండి" అందట. అంతలో గాలి అయిపోయింది. బహుమతి ఇంకో బడికి పోయింది.

అత్త ఇంటికొచ్చి, కాళ్ళైనా కడుక్కోకుండా ఈ కథ చెబుతూ నవ్వింది, కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ నవ్వింది. ఇంటికొచ్చినవాళ్ళందరికీ చెప్పింది. రిటైరైననాడు సభలో కూడా ఇదే చెప్పింది. నేను ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాను. నన్ను తీసుకెళ్ళి ఉంటే తాబేలును ఫోటో తీసేదాన్ని, బహుమతి తెచ్చేదాన్ని, అత్త దాన్ని బీరువా మీద పెట్టుకునేది. ఏళ్ళ తరబడి చెప్పుకోవడానికి మాత్రం ఏమీ ఉండేది కాదు. అది నాకు తెలుసు. అందుకే ఎక్కువ కడుపుమంట.

పది పాసవగానే పోలమ్మకు పెళ్ళి చేశారు. అత్తతో నేనూ వెళ్ళాను. అప్పగింతలప్పుడు అత్త దాని గడ్డం పట్టుకుని చెవిలో ఏదో చెప్పింది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి వినబడింది. గాలి సూసుకో గుంటా. నా మాట. నాదనుకున్న మాట. తిరిగొచ్చేటప్పుడు బస్సులో దారంతా కిటికీలోంచి ఉప్పుమళ్ళు చూస్తూ కూర్చున్నాను. అత్త వేరుశనక్కాయలు ఒలిచి నా చేతిలో పోస్తూ ఉంది.

నేను చదువుకు విశాఖ వచ్చాను, ఉద్యోగం, పెళ్ళి, అన్నీ ఇక్కడే. అత్తకు కిడ్నీలు పాడయ్యాయి. మా ఉద్దానంవాళ్ళకు ఆ జబ్బు సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. నా దగ్గరికి వచ్చెయ్యమని ఎంత బతిమాలినా రాలేదు. ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తే పోలమ్మ కబుర్లు. పోలమ్మ వచ్చింది, తల దువ్వింది, వద్దన్నా వినకుండా చేప తెచ్చింది, నేను తినకూడదు కదా, అది తింటుంటే చూశాను అనేది. ఆ చేప ముక్క మీద కూడా నాకు అసూయే.

పోయినసారి వెళ్ళినప్పుడు అడిగేశాను. ఇంత వయసొచ్చి, ఇద్దరు పిల్లల తల్లినై, మంచం మీద కూర్చుని అడిగాను. "అత్తా, నేనెక్కువా, పోలమ్మెక్కువా?" అత్త నా మొహంలోకి చూసింది. ఆ ఎండిపోయిన బుగ్గలు రెండూ పూరించి, ఊపిరి బిగబట్టేసింది. నవ్వు కళ్ళలో ఉంది, జవాబు లోపలే ఉంది. నాకు భయమేసి, వదిలెయ్ వదిలెయ్, అడగనులే అన్నాను. వదిలింది. ఆ తర్వాత నీరసంతో నిద్రపోయింది.

అస్థికలు సముద్రంలో కలపమని నాన్నకు చెప్పి ఉంచిందట. బతికుండగా మడమలోతు నీళ్ళు దాటని మనిషి. నాన్నా, నేనూ పోలమ్మ వాళ్ళ ఊరు వెళ్ళాం. ఆమె మొగుడు బోటు సిద్ధం చేశాడు. నాన్న కుండ పట్టుకుని ఎక్కి కూర్చున్నాడు. నేను కూడా వస్తానన్నాను. ఆ అబ్బాయి తల వంచుకుని తాడు సర్దాడు. ఒడ్డున ఉన్న మగవాళ్ళు వేరే వైపు చూశారు. పోలమ్మే నా దగ్గరికి వచ్చింది.

"ఎక్కే. మీకు పట్టింపు నేదు కదా. మాయనకి నాను సెప్తాను" అంది.

బోటు అంచు మీద చెయ్యి వేశాను. ఇన్నేళ్ళకు ఓడ నాది. అత్త నాది. నడిసముద్రం దాకా నేనే తోడు వెళ్తాను, పోలమ్మ ఇక్కడే ఉండిపోతుంది. ఆ ఆలోచన ఎంత తీపిగా ఉందో చెప్పలేను. తల తిప్పి చూశాను. చెప్పులు ఇసుకలో విడిచి, చీర పైకి దోపుకుని, మోకాటిలోతు నీళ్ళలో పోలమ్మ ఒక్కత్తీ నిలబడి ఉంది.

నేను చెయ్యి తీసేశాను. మీరు వెళ్ళిరండి నాన్నా అన్నాను. నా చెప్పులు కూడా విడిచి వెళ్ళి దాని పక్కన నిలబడ్డాను.

బోటు అలలు దాటి చిన్నదైపోయింది. నాన్న లేచి నిలబడడం, కుండ వంచడం కనబడింది. అప్పుడు పక్కకు చూశాను. పోలమ్మ బుగ్గలు పూరించి ఉన్నాయి. నా బుగ్గలు కూడా పూరించే ఉన్నాయని అప్పుడే తెలిసింది. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ఈసారి మాత్రం ముందు వదలకూడదనుకున్నాను. కళ్ళు మూసుకుని, పిడికిళ్ళు బిగించి, ఉన్నంత పట్టుదలా పట్టాను.

ఏడుపు తన్నుకొచ్చి, నేనే ముందు వదిలేశాను. పోలమ్మ ఇంకా బిగబట్టే ఉంది. దాని బుగ్గల మీంచి నీళ్ళు కారుతున్నాయి.